మా అత్త చల్లబరిచిన సముద్రం

ఒకచోట చల్లబడాలంటే ఇంకోచోట వేడెక్కక తప్పదా?

ఫిజిక్సు పుస్తకంలో దీనికి జవాబుంది. ఆ జవాబు పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే దాన్ని నన్ను అడిగింది పుస్తకం కాదు, మా మేనత్త. ఫిజీలో, సువా పక్కనున్న నసీనులో వాళ్ళింటి ముందుగదిలో, ఒక యంత్రం వెనక అరచెయ్యి పెట్టి, వేడిగాలి చేతికి తగులుతుంటే నా వైపు తిరిగి అడిగింది. అప్పుడు నాకు ఇరవై నిండాయో లేదో. ఇప్పుడు నలభై దాటాయి. నేనిచ్చిన జవాబు ఆవిడకి నచ్చలేదు. నాకూ నచ్చలేదని తరవాత తెలిసింది.

పోయిన నెలలో మా అత్త వెళ్ళిపోయింది. పొద్దున్నే రోటీలకి పిండి కలిపి, గిన్నె మీద తడిగుడ్డ కప్పి, "కాసేపు నడుం వాలుస్తా" అని పడుకుందట. మామయ్య నాకు ఫోన్ చేసి, "అమ్మీ, మీ అత్త లేవడం లేదు" అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఆయన నోటికి రాలేదు. సువా నుంచి టాక్సీలో నేను చేరేసరికి ఇల్లు నిండిపోయింది. బయట రేకుల షెడ్డు కింద చాపలు పరిచి, వచ్చినవాళ్ళకి తాగడానికి యంగోనా వేరు పొడి నీళ్ళలో కలుపుతున్నారు. లోపల ఏడుపులు, "ఈసా, ఈసా" అని, అయ్యో అన్నట్టు, ఇరుగుపొరుగు నిట్టూర్పులు. నాకు మాత్రం గుమ్మంలోనే ఏదో తక్కువైనట్టు అనిపించింది. నిలబడి విన్నాను. పంపు చప్పుడు లేదు. ఎవరో ప్లగ్గు పీకేసి, ఆ చోట టీ కాచే పెద్ద కెటిల్ తగిలించారు. అత్త ముఖం చూడకముందే నేను వంగి, కెటిల్ తీసేసి, పంపు ప్లగ్గు పెట్టాను. గోడవారన ఉన్న గాజుతొట్టెలో నీళ్ళు మళ్ళీ కదిలాయి. అప్పుడు వెళ్ళి ఆవిడ పాదాల దగ్గర కూర్చున్నాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలీదు. ఆవిడ చూసి ఉంటే మాత్రం, "మంచి పని చేశావు, ఇప్పుడేడువు" అనేది.

ఆ తొట్టె గురించి చెప్పకుండా ఆవిడ గురించి చెప్పడం నాకు చేతకాదు.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి ఆవిడ టీచర్. హైస్కూల్లో హోమ్ ఎకనామిక్స్ చెప్పేది. ఆదివారాల్లో సంఘం హాల్లో పిల్లలచేత తెలుగు అక్షరాలు దిద్దించేది. మా ఇళ్ళలో మాట్లాడేది ఫిజీ హిందీ. తెలుగు పెద్దవాళ్ళ నోట్లోనూ పూజల్లోనూ మిగిలింది. నేను ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆవిడ చలవే. నేను లంబాసా దగ్గర చెరకు పండించుకునే ఇంటి పిల్లని. యూనివర్సిటీ చదువుకి సువా రావలసి వచ్చినప్పుడు, నాన్న నన్ను తన చెల్లెలింట్లో దింపి వెళ్ళాడు. నాకు చిన్నప్పటినుంచీ ప్రతిదానికీ అనుమానమే. ఎవరేం చెప్పినా "కానీ..." అని మొదలుపెడతాను. వచ్చిన వారంలోనే అత్త నాకు 'కానీ పిల్ల' అని పేరు పెట్టేసింది. "కానీ అంటే అన్నావులే. ఆ తరవాత మాట కూడా చెప్పు. సగంలో ఆపితే మింగుడు పడదు" అనేది.

ఆ ఇంట్లో అత్త, మామయ్య, మామయ్య తల్లి. కూతురు అప్పటికే పెళ్ళయి లౌటోకా వెళ్ళిపోయింది. మామయ్య తల్లిని అందరం అవ్వ అనేవాళ్ళం. అవ్వ రాకిరాకి వైపు మనిషి. ఆవిడ భర్త అక్కడి పెనాంగ్ అనే చక్కెర మిల్లులో పనిచేసేవాడు. సాయంత్రమయ్యేసరికి పనులన్నీ ముగించుకుని సముద్రం ఒడ్డున రాయి మీద కూర్చోవడం అవ్వకి పెళ్ళయిన నాటినుంచీ అలవాటు. కొడుకు దగ్గరికి నసీను వచ్చాక కూడా, ఎవరో ఒకరు బస్సులో తీసుకెళితే ఒడ్డున కూర్చుని వచ్చేది. నేను వెళ్ళిన ఏడాది స్నానాలగదిలో జారిపడింది. తుంటి విరిగింది. గాలి బాగా తగులుతుందని ఆవిడ మంచం ముందుగదిలో వేశారు. ఇల్లేమో స్తంభాల మీద కట్టిన ఇల్లు, నిటారు మెట్లు. ఆ మెట్లు అవ్వ ఇక దిగలేదని డాక్టరు చెప్పకపోయినా అందరికీ అర్థమైంది.

అవ్వ ఏమీ అడిగేది కాదు. బయటినుంచి వచ్చిన ప్రతివాళ్ళనీ ఒకటే మాట, "సముద్రం ఎలాగుంది?" అని, దూరాన ఉన్న చుట్టం గురించి అడిగినట్టు. "బానే ఉందవ్వా" అనేవాళ్ళం. ఒకరోజు మామయ్య అలాగే "బానే ఉందమ్మా" అని చొక్కా విప్పుతుంటే, అత్త వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"ఏం బావుంది? చూశావా నువ్వు? ఆఫీసునించి బస్సులో నిద్రపోతూ వచ్చావు!"

"అరే, మరేం చెప్పమంటావు?"

"చెప్పొద్దు. తేవాలి. ఆవిడ దిగలేకపోతే అదే మెట్లెక్కి వస్తుంది."

మామయ్య నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. న్యూజీలాండ్ వెళ్ళిపోతున్న తోటి టీచరు దగ్గర పెద్ద గాజుతొట్టె సంపాదించింది. పక్కింటి పెద్దాయన ఐతౌకేయి, అంటే ఈ దీవుల మూలవాసి; ఆయనకి ఫైబర్ పడవ ఉంది, చేపలు పట్టి నౌసోరి మార్కెట్టుకి పంపుతాడు. ఆయన్ని మేమంతా 'మోమో' అని పిలిచేవాళ్ళం, వాళ్ళ భాషలో మేనమామ. మా దగ్గరి సముద్రం రేవా నది బురదతో టీ రంగులో ఉంటుంది కాబట్టి, ఆయన పడవలో బురద దాటి, పగడాల దిబ్బ దాకా వెళ్ళి, జెర్రీక్యాన్లలో తేటనీళ్ళు తెచ్చాడు. రాళ్ళు తెచ్చాడు. ఒకరోజు ఒక బకెట్టులో, గుడ్డ కప్పి, పువ్వుని తెచ్చాడు.

పువ్వంటే మొక్క కాదు, జంతువు. ఎనిమోన్ అంటారు. రాతికి అంటుకుని, వేళ్ళంత లావు రేకులు నీళ్ళలో ఊపుతూ ఉంటుంది. ముట్టుకుంటే చురుక్కుమంటుంది. దాంతోపాటు, నారింజరంగు ఒంటి మీద తెల్లపట్టీలున్న రెండు చిన్న చేపలు. అవి ఆ రేకుల మధ్యే కాపురం ఉంటాయి.  అవ్వ తనని అటు తిప్పి పడుకోబెట్టమంది.

"వాటిని కుట్టదేటి?"

"కుట్టదత్తయ్యా. వాటికి అలవాటు" అంది అత్త.

"మన అత్తాకోడళ్ళకి మల్లేనా!" అంది అవ్వ. పడ్డాక ఆవిడ వేసిన మొదటి జోకు అదే. అత్త ఎంత నవ్విందంటే, చేతిలో నీళ్ళమగ్గు ఒలికింది.

నవంబరు వచ్చింది. మా దీవుల్లో ఎండాకాలం అప్పుడే మొదలు. రేకుల కప్పు కింద ముందుగది మధ్యాహ్నానికి ఆవిరి కుక్కరయ్యేది. పువ్వు రేకులు ముడుచుకుని, సగం సైజుకి కుంచించుకుపోయింది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి ఊపిరి పీల్చేవి. అత్త తొట్టెలోకి థర్మామీటరు దింపి, పువ్వుకి మంచిదనిపించిన చోట గోళ్ళరంగుతో ఎర్రగీత పెట్టింది. ప్రతిరోజూ మధ్యాహ్నం పాదరసం ఆ గీత దాటిపోయేది.

"నీళ్ళకి జరం చూస్తన్నావేటి?" అని అవ్వ మంచం మీదినుంచి.

"జ్వరమే అత్తయ్యా. దించాలి."

ఆ 'దించాలి' అన్న మాట నా చదువులన్నిటికంటే ఎక్కువ ఉత్సాహం తెచ్చింది ఆ ఇంటికి. ఎవరేం చెప్పినా అత్త చేసి చూసేది. ముందు తొట్టె లైటు. అది కూడా వేడే కదా అని, పగలు ఆర్పేసి సాయంత్రాలు వెలిగించడం మొదలుపెట్టింది. కిటికీకి రెండో తెర వేసింది. మీదున్న గాజుమూత తీసేసి, చేపలు ఎగిరి పడకుండా పాత దోమతెర కట్టింది. పాదరసం కాస్త ఆలోచనలో పడింది గాని దిగలేదు. తరవాత మామయ్య ఆఫీసు బల్లమీది చిన్న ఫ్యాను తెచ్చి, నీటిమట్టం మీద అడ్డంగా గాలి వీచేలా బిగించాడు. నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు వేడిని కూడా పట్టుకుపోతాయని నేను చెప్పాను.

"అది చెమట కదే!" అంది అత్త. "చెప్పడానికి అంత గొంతు సవరించుకోవాలా?"

సాయంత్రానికి పాదరసం ఎర్రగీత కిందికి జారింది. అత్త పెట్టిన కేకకి కంచె అవతలినుంచి మోమో అరిచాడు, "ఎవరు ట్రై కొట్టారు? ఫిజీయేనా?" రగ్బీ మ్యాచి అనుకున్నాడు పాపం. "మన పువ్వు కొట్టింది, మోమో!" అని నేను అరిచాను. ఆయన నిజంగానే చప్పట్లు కొట్టాడు.

ఫ్యాను పెట్టాక నీళ్ళు రోజూ తగ్గేవి. తగ్గినదాన్ని మళ్ళీ సముద్రపు నీటితో నింపకూడదని, ఉప్పు ఎక్కడికీ పోదని, మంచినీళ్ళే పోయాలని నేను చెప్పబోయాను. అత్త అప్పటికే వాననీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. "చారు మరిగిపోతే మళ్ళీ చారే పోస్తామా, నీళ్ళు పోస్తామా?" అంది.

కానీ మాది వానల ఊరు. ముసురు పట్టిన రోజుల్లో గాలే తడిసి ఉంటుంది. అలాంటి గాలిలోకి నీళ్ళు ఆవిరవవు. ఫ్యాను తిరిగేది, పాదరసం కదిలేది కాదు. అప్పుడు అవ్వ ఒక ఉపాయం చెప్పింది. పెనాంగ్‌లో నీళ్ళకుండకి తడిగుడ్డ చుట్టేవాళ్ళట. తొట్టె మీద కూడా ఒక నూలుగుడ్డ పరిచి, కొసలు నీళ్ళలోకి వేలాడదీసి, దానిమీద ఫ్యాను పెడితే? నాకు నమ్మకం లేదు. "కానీ..." అని నోరు తెరిచాను. అత్త వేలు చూపించింది. "తరవాత మాట ఉందా? లేదా? లేకపోతే గుడ్డ పట్టుకో."

ఇంట్లో అంత పెద్ద నూలుగుడ్డ ఒకటే ఉంది. మామయ్య నిప్పులు తొక్కే మొక్కు తీర్చుకున్న ఏడాది కట్టుకున్నది. మావాళ్ళలో నిప్పులు తొక్కేవాళ్ళు పసుపులో ముంచిన గుడ్డ కడతారు. అవ్వ దాన్ని భద్రంగా దాచింది. ఎన్నోసార్లు ఉతికాం, ఇంకేం రంగు దిగుతుంది అనుకుంది అత్త. అదీగాక, అమ్మవారి గుడ్డ, మంచే చేస్తుంది అంది అవ్వ.

పొద్దున లేచేసరికి తొట్టెలో నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. చేపలు పసుపు నీళ్ళలో మంగళస్నానం చేస్తున్నట్టు తిరుగుతున్నాయి. పువ్వు ముద్దగా ముడుచుకుపోయింది. మామయ్య పళ్ళు తోముకుంటూ వచ్చి బ్రష్షు నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయాడు. మోమో కిటికీలోంచి తొంగిచూసి, తలమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఈసా! టీచర్, ఈ తో కరీ హోయ్ గైస్!" కూర అయిపోయిందిగా అని.

"నవ్వకు మోమో! పడవ తియ్!" అంది అత్త.  "కంగారొచ్చినప్పుడు చేతులకి పని చెప్పాలి. లేకపోతే అవి తలమీదికి పోతాయి" అంటూ నా చేతిలో రెండు జెర్రీక్యాన్లు పెట్టింది.

ఆ రోజు మా సందంతా ఎలా కదిలిందో! ఒకాయన వ్యాను తెచ్చాడు. స్కూలు ఎగ్గొట్టిన పిల్లలు ఖాళీ నూనెడబ్బాలు తెచ్చారు. మోమో పడవ పోటు మీద దిబ్బ దాకా వెళ్ళి తేటనీళ్ళతో తిరిగొచ్చింది. ఒడ్డునుంచి వ్యానుకి, వ్యానునుంచి మెట్ల మీదికి, చేతినుంచి చేతికి క్యాన్లు. మెట్ల మీద వరసలో నిలబడిన ఒకావిడ, "టీచర్, మీ ఇంటికి సముద్రం వస్తోందా, పెళ్ళికి వంటపాత్రలు వస్తున్నాయా?" అంది. పసుపునీళ్ళు తోడి, కొత్తనీళ్ళు పోశాం. మంచం మీద అవ్వ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది. "నా గుడ్డ చంపేసిందేటమ్మా దాన్ని" అని మాటిమాటికీ అడిగింది. మధ్యాహ్నం దాటాక, ఒక రేకు కదిలింది. తరవాత ఇంకొకటి. అత్త ఆవిడ మంచం మీద కూలబడి, "లేదత్తయ్యా. పసుపు పెట్టించుకుని పెళ్ళికూతురైంది" అంది.

ఆ తరవాత కథే అత్త ప్రశ్నకి మూలం. గుడ్డ తీసేశాం గాని ఫ్యాను తీయలేదు. ఫ్యాను గాలి నీటిమీదినుంచి సూటిగా అవ్వ మంచం మీదికి వెళ్ళేది. గదిలో తేమ పెరిగింది. అవ్వ మోకాళ్ళు పట్టేశాయి. ఆవిడ చెప్పలేదు. దుప్పటి గెడ్డందాకా లాక్కుని పడుకుంటుంటే అత్త కనిపెట్టింది.

"నొప్పిగా ఉందా?"

"నాకేటి అయితాది. దానికి చల్లగుంది కదా."

అత్త ఫ్యాను ఆపేసింది. ఆ పూటే మామయ్య తనకి తెలిసినాయన దగ్గర చిల్లర్ ఒకటి చూడ్డానికని తెచ్చాడు. ఫ్రిజ్జులాంటి యంత్రం. తొట్టె నీళ్ళు ఒక గొట్టంలో లోపలికి వెళ్ళి, ఇంకో గొట్టంలో చల్లబడి బయటికి వస్తాయి. పెట్టిన కాసేపటికే పాదరసం దిగిపోయింది. మామయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "బస్. ఇంక గుడ్డలూ లేవు, గోలా లేదు."

అత్త యంత్రం చుట్టూ తిరిగింది. వెనక అరచెయ్యి పెట్టింది. అక్కణ్ణించి వేడిగాలి కొడుతోంది, సరిగ్గా అవ్వ దిండు వైపు. తిప్పి పెడదామంటే ఆ గదిలో ఎటు తిప్పినా వేడి ఆ గదిలోనే. నన్ను పిలిచింది.

"ఏమే, ఒకచోట చల్లబడాలంటే ఇంకోచోట వేడెక్కక తప్పదా?"

"తప్పదత్తా. వేడి పోదు, చోటు మారుతుంది. యంత్రం వేడి కూడా కలుస్తుంది."

"అయితే పువ్వులోంచి తీసి మా అత్తగారి మీద పోస్తామన్నమాట." యంత్రం ఆపేసింది. "చోటు మారేటట్టయితే, ఆ చోటేదో మనమే చూపిద్దాం."

ఆ మాట విన్నప్పుడు నా ఒళ్ళు జల్లుమంది. ఇప్పటికీ అంతే. పాఠాలు చెప్పేవాళ్ళు వేడి ఎంత, ఎన్ని నిమిషాలు అని అడుగుతారు. ఎవరి మీదికి అని అడిగినావిడ మా అత్తే. ఇద్దరం పెరట్లోకి దిగాం. ఇంటి వెనక సీమపనస చెట్టు నీడలో, సగం భూమిలోకి దిగిన కాంక్రీటు వానతొట్టి ఉంది. మూత తీసి మోచేతి దాకా ముంచాను. పైన గాలి కాలుతుంటే, లోపల నీళ్ళు జిల్లుమన్నాయి. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. గొట్టం! తొట్టెలోని ఉప్పునీళ్ళని గొట్టంలో పెట్టి, గది నేలకి కన్నం వేసి కిందికి దింపి, ఈ వానతొట్టిలో చుట్టలు చుట్టించి, మళ్ళీ పైకి తెస్తే? ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలవవు. వేడి మాత్రం గొట్టం గోడలోంచి దాటుకుని వానతొట్టిలోకి, దాంట్లోంచి భూమిలోకి పోతుంది.

మామయ్యకి ఉత్సాహం వచ్చింది. పాత ఎయిర్ కండిషనర్లోంచి మెరిసే రాగిగొట్టం చుట్ట తెచ్చాడు. రాగి వేడిని భలే దాటిస్తుంది, నా లెక్కల ప్రకారం అంతకంటే మంచిది లేదు. బిగించబోతుంటే అత్త వచ్చి చూసింది.

"ఇది రాగి కదా?"

"అవును. బెస్టు."

"కళాయి లేని రాగిగిన్నెలో చింతపండు పులుసు కాస్తామా? గిన్నె పులుసులోకి దిగుతుందని ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్తాను నేను. ఉప్పునీళ్ళు ఊరుకుంటాయా?"

నేను యూనివర్సిటీ లైబ్రరీలో వెతికాను. రాగి కరిగిన నీళ్ళలో ఎనిమోన్లు బతకవు. ఆ మాట వచ్చి చెబితే అత్త గర్వపడలేదు, భయపడింది. "అమ్మో, బిగించేసేవాళ్ళమే" అని రెండుసార్లు అంది. ఆఖరికి తోటలకి నీళ్ళు పట్టే పల్చటి నల్లగొట్టం కొన్నాం. ప్లాస్టిక్కులోంచి వేడి అంత సులువుగా దాటదు కాబట్టి చాలా పొడుగు కావాలని లెక్కకట్టాను. పొడుగంటే ఎంతో చుట్టలు చుడుతుంటే తెలిసింది. పెరడంతా పాములే. మోమో ఒక కొస పట్టుకుని, మామయ్య ఇంకో కొస పట్టుకుని, మధ్యలో నేను చిక్కుకుని, అత్త మెట్లమీంచి, "కానీ పిల్లని కూడా చుట్టేస్తున్నారు, చూసుకోండి!" అని.

పంపు వేశాం. అందరం ముందుగదిలో థర్మామీటరు చుట్టూ మూగాం. పాదరసం కదల్లేదు. మామయ్య ఒకసారి చిల్లర్ వైపు చూశాడు. అత్త టీ పెట్టడానికి వెళ్ళింది. టీ కప్పులు వచ్చేసరికి వెంట్రుకవాసి దిగింది. తాగేసరికి ఇంకొంచెం. చీకటిపడేసరికి ఎర్రగీత కిందికి వచ్చి, అక్కడే నిలబడింది. ముసురు రోజైనా, ఫ్యాను లేకుండా. పువ్వు రేకులన్నీ విప్పింది, నేనెప్పుడూ చూడనంత వెడల్పుగా. చేపలు రెండూ దాంట్లో దొర్లాయి. మోమో మళ్ళీ చప్పట్లు కొట్టాడు.  అత్త వెళ్ళి అవ్వ దుప్పటి తీసి, మోకాళ్ళు తడిమి చూసింది.

అవ్వకి ఆ వానతొట్టి నీళ్ళతోనే స్నానం చేయించేవాళ్ళు. ఆ వారం నుంచీ, "నీళ్ళు ఎచ్చగున్నాయి. పువ్వు ఎచ్చబెట్టింది నాకు" అనడం మొదలుపెట్టింది. అంత పెద్ద తొట్టిలో ఆ కాస్త వేడి చేతికి తెలియడం సాధ్యం కాదని నాకు తెలుసు. కానీ అనలేదు. బహుశా నా జీవితంలో 'కానీ' మింగిన మొదటి రోజు అదే. అత్త నా వైపు చూసి కన్నుగీటింది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. మరుసటి ఏడు పెద్ద తుపాను వచ్చి కరెంటు పోయింది. పంపు లేదు. నీళ్ళు కదలకపోతే వేడీ దిగదు, గాలీ కలవదు. వానతొట్టి అడుగునుంచి చల్లటి నీళ్ళు సీసాల్లో పట్టి, మూతలు బిగించి, తొట్టెలో తేలేసేవాళ్ళం. అవి వెచ్చబడగానే తీసి వేరేవి. అందరం మెట్లెక్కీ దిగీ అలిసిపోయాం. గాలి కలిసేలా తొట్టెలో నీళ్ళని ఎత్తి పోస్తూ ఉండే మనిషి లేకపోయింది. అత్త వంటింట్లోంచి పొడుగుకాడ గరిటె తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. "అత్తయ్యా, పాలు తిరగబోసినట్టు ఎత్తి పోస్తూ ఉండు." అవ్వ మోచేతి మీద లేచింది. గరిటె అందలేదు. ఇంకొంచెం లేచింది. పడ్డాక ఎప్పుడూ తనంతట తను కూర్చోలేకపోయిన మనిషి, మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. ఎత్తి పోసింది. "ఎత్తుగా పొయ్యాల, నురగ రావాల" అని తనకి తనే చెప్పుకుంటూ. అత్త గుమ్మంలో నిలబడి, చేతిలో సీసాలతో, పిలిస్తే ఆ కూర్చోవడం పాడవుతుందేమో అన్నట్టు ఊపిరి బిగబట్టి చూసింది. కరెంటు వచ్చాక కూడా అవ్వ గరిటె ఇవ్వలేదు.

అవ్వ తరవాత కొన్నేళ్ళకి పోయింది. మంచం తీసేశారు, తొట్టె ఉండిపోయింది. ఎందుకింకా ఈ చాకిరీ అని అందరూ అడిగారు. "దానికి తెలీదుగా, చూసేవాళ్ళు పోయారని" అనేది అత్త. చేపలు మారాయి. పువ్వు అదే. రిటైరయ్యాక పొద్దున టీ కప్పుతో తొట్టె ముందు కూర్చునేది. నేను సువాలో ఉద్యోగం చేసుకుంటూ ఫోన్ చేస్తే, ముందు పాదరసం సంగతి చెప్పి, తరవాత తన బీపీ సంగతి చెప్పేది. నేను ఉద్యోగం మానాలా వద్దా, ఫలానా మనిషిని నమ్మాలా వద్దా అని నెలల తరబడి నలిగినప్పుడల్లా, "చేసి చూడవే. తప్పయితే నీళ్ళు మారుద్దాం" అనేది. సగం సార్లు చేసి చూశాను. మిగతా సగం గురించి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

దినాలు అయ్యాయి. మామయ్య లౌటోకాలో కూతురి దగ్గరికి వెళుతున్నాడు. ఇల్లు అద్దెకిస్తారు. "పువ్వు నీది అమ్మీ. మీ అత్త ఉంటే నీకే ఇచ్చేది. ఏం చేస్తావో నువ్వే చూడు" అన్నాడు. నాదేమో సువాలో మూడో అంతస్తులో ఫ్లాటు. వానతొట్టి లేదు, పెరడు లేదు. మోమో ముసలాడయ్యాడు, పడవ ఆయన మనవడిది. అయినా కంచె దగ్గరికి వచ్చి, "తెచ్చింది నేనే. నేనే తీసుకెళ్ళి పెట్టేస్తా. దాని ఇల్లు దానికి" అన్నాడు. అని, కంచె మీద చెయ్యి వేసి, "లేకిన్, అమ్మీ, అక్కడ పానీ బహుత్ గరం ఇప్పుడు. ఆ వేడికి పగడాలు తెల్లబడినాయి" అన్నాడు.

చూస్తే గాని నమ్మను కదా నేను. పోయిన శనివారం ఆయనతో పడవలో వెళ్ళాను. బురదనీళ్ళు దాటాక సముద్రం నీలమైంది. దిబ్బ మీద మోమో ఇంజను ఆపాడు. చెయ్యి ముంచాను. అత్త ముందుగదిలో నీళ్ళకంటే ఇవి వెచ్చగా ఉన్నాయి. ఇంట్లో ఉన్న సముద్రమే అసలు సముద్రం కంటే చల్లగా ఉంటుందని ఏనాడూ అనుకోలేదు. కింద పగడాలు, మోమో చెప్పినట్టే, ఎముకల్లా తెల్లగా, ఎంత దూరం చూస్తే అంత దూరం.  వెనక్కి పోదాం, దాన్ని ఇక్కడ పెట్టేది లేదు అనబోయాను.

"ఆగు. అదుగో" అన్నాడు మోమో, తెడ్డుతో చూపిస్తూ.

ఆ తెలుపు మధ్యలో, ఒక రాతి నీడన, గోధుమరంగు పువ్వు ఒకటి. రేకులన్నీ విప్పి, అలకి ఊగుతోంది. దాంట్లోంచి నారింజరంగు చేప ఒకటి బయటికి వచ్చి, మా పడవ నీడని చూసి, మళ్ళీ లోపలికి దూరింది. అంత వేడి నీళ్ళలో అది ఎలా బతుకుతోందో నాకు తెలియదు. దానికి ఆ నీడ చాలుతోందేమో. లేక, దాని వంతు ఇంకా రాలేదేమో. పడవ పక్కకి కొట్టుకుపోయేదాకా వంగి దాన్నే చూశాను. అత్త పువ్వుని తెచ్చి దాని పక్కన పెట్టాలా, మూడో అంతస్తుకి మోసుకెళ్ళాలా, నేనింకా తేల్చుకోలేదు.